నచ్చినవాళ్ళకా, గెలిచేవాళ్ళకా: విశాఖ ఓటరు తేల్చుకోవడం ఎలా

"నాకు నచ్చిన ఆయన గెలవడని అందరూ అంటున్నారు. ఆయనకే వేస్తే ఓటు మురిగిపోతుందా? వద్దనుకున్నవాళ్ళు రాకుండా ఉండాలంటే ఆ రెండో పార్టీకి వేసేయాలా?" షెడ్యూలు వచ్చిన రోజు నుంచి పోలింగు ముందు రాత్రి దాకా నన్ను అడిగే ప్రశ్న ఇదే. గాజువాక నుంచి అడుగుతారు, ఎంవీపీ కాలనీ నుంచి అడుగుతారు, ఇంట్లో నాలుగు ఓట్లుండి నలుగురిదీ నాలుగు దారులైనవాళ్ళూ అడుగుతారు.

"మీ మనస్సాక్షి ప్రకారం వేయండి" అని చెప్పి పంపేయడం నాకిష్టం లేదు. అడిగినవాళ్ళ మనస్సాక్షికే కదా ఈ చిక్కు వచ్చింది. కింది వరుసలో వెళ్తే ఒక సాయంత్రంలో తేలిపోతుంది. ఏ పార్టీకి వేయాలో ఇందులో చెప్పను. మీ ఓటుని ఎప్పుడు ఎత్తుగడగా (గెలిచే అవకాశం ఉన్నవాళ్ళలో ఒకరికి) వాడాలి, ఎప్పుడు నమ్మకంగా (మీకు నచ్చినవాళ్ళకే) వాడాలి, అది తేల్చే పద్ధతి మాత్రం చెబుతాను.

దగ్గర పెట్టుకోవలసినవి

- మీ ఓటరు కార్డు నంబరు. జాబితాలో పేరు ఉందో లేదో, బూత్ ఏదో ముందు చూసుకోండి. 1950కి ఫోన్ చేసినా చెబుతారు. పేరే లేకపోతే మిగతాదంతా దండగ.
- మీ నియోజకవర్గంలో కిందటి రెండు ఎన్నికల ఫలితాలు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటాయి. బూత్‌ల వారీగా కావాలంటే రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో ఫారం 20 చూడండి.
- అభ్యర్థుల అఫిడవిట్లు, అంటే ఫారం 26. ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో దొరుకుతాయి.
- ఒక కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్.

1. మీ చేతిలో ఎన్ని ఓట్లున్నాయో విడదీయండి

సాధారణ ఎన్నికల్లో మీకున్నవి రెండు ఓట్లు: ఎంపీకి ఒకటి, ఎమ్మెల్యేకి ఒకటి. రెండింటికీ ఒకే నిర్ణయం తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. 2019లో విశాఖ తూర్పు, పశ్చిమ, ఉత్తర, దక్షిణ సీట్లు నాలుగూ తెలుగుదేశం గెలిచింది, విశాఖ ఎంపీ సీటు మాత్రం వైఎస్సార్‌సీపీకి వెళ్ళింది. అందుకే ఎంపీ ఓటుకి ఒక కాగితం, ఎమ్మెల్యే ఓటుకి ఇంకో కాగితం పెట్టండి. కింది లెక్కలన్నీ రెండుసార్లు చేయాలి.

ఇక్కడే ఒక జాగ్రత్త. విశాఖ లోక్‌సభ స్థానంలోకి వచ్చేవి భీమిలి, తూర్పు, దక్షిణ, ఉత్తర, పశ్చిమ, గాజువాక, శృంగవరపుకోట. పెందుర్తి వాళ్ళ ఇల్లు విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ)లో ఉన్నా ఎంపీ ఓటు అనకాపల్లికి పడుతుంది. శృంగవరపుకోట వాళ్ళది విజయనగరం జిల్లా అయినా ఎంపీ ఓటు విశాఖకి. పక్క నియోజకవర్గం అంకెలు చూసి మీ ఓటు నిర్ణయించుకోకండి.

2. మీకేం కావాలో అంకెలు చూడకముందే రాసుకోండి

ఈ వరుస ముఖ్యం. అంకెలు ముందు చూస్తే మనసు గెలిచేవాడి వైపు మొగ్గి, ఆ తర్వాత కారణాలు వెతుక్కుంటుంది.

మూడు విషయాలకి మించి రాయకండి. ప్రతిదాని పక్కనా అది ఎవరి చేతిలో ఉందో రాయండి. స్టీల్ ప్లాంటే మీ మొదటి విషయం అనుకుందాం. 2021 జనవరిలో అందులో వంద శాతం వాటా అమ్మాలని నిర్ణయించింది కేంద్రం. దానికి వ్యతిరేకంగా అదే ఏడాది రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేసింది, కానీ ఆ తీర్మానంతో అమ్మకం ఆగదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చిందీ కేంద్రమే. కాబట్టి ఆ విషయం ఎంపీ కాగితంలోకి వెళ్తుంది. ఇళ్ళ పట్టాలు, బడి, ఆసుపత్రి లాంటివి ఎమ్మెల్యే కాగితంలోకి. మీ వీధి కాలువ, చెత్త, కొళాయి నీళ్ళు కార్పొరేటర్ ఓటుకి దాచుకోండి. ఎమ్మెల్యే ఓటుని కాలువ మీద కోపంతో వేసినవాళ్ళని చాలామందిని చూశాను. ఆ కోపం సరైనదే, చేరాల్సిన చోటికి మాత్రం చేరలేదు.

చివర్లో ఒక గీత గీసి, దాని కింద ఏ పరిస్థితిలోనూ ఓటు వేయలేని అభ్యర్థి ఎవరో, ఎందుకో రాయండి. అఫిడవిట్‌లో కేసులు చదివి రాయండి, విన్న మాటలతో కాదు. ఎత్తుగడ ఎంత గట్టిగా లాగినా ఈ గీత దాటొద్దు. దాటి ఓటు వేసినవాళ్ళు గెలుపు సంబరంలో కూడా మనశ్శాంతిగా ఉండలేరు.

3. పోయినసారి ఫలితం నుంచి రెండు అంకెలు తీయండి

మొదటి అంకె: ఒకటో స్థానానికీ రెండో స్థానానికీ మధ్య తేడా, అంటే మెజారిటీ.

రెండో అంకె: మూడో స్థానం ఓట్లని రెండో స్థానం ఓట్లతో భాగించండి. మూడో వంతు లోపు వస్తే అక్కడ పోటీ ఇద్దరి మధ్యే. నాలుగింట మూడు వంతులు దాటితే అది ముక్కోణపు పోటీ. మధ్యలో వస్తే తొందరపడి తేల్చకండి. ఇవి నేను వాడుకునే హద్దులు, చట్టంలోవి కావు.

మన ఊరి అంకెల మీదే చేసి చూపిస్తాను.

విశాఖ ఉత్తరం, 2019: మొదటి ఇద్దరి మధ్య తేడా 1,944. మూడో స్థానం రెండో స్థానంలో మూడో వంతు కూడా లేదు. ఎత్తుగడ ఓటుకి అర్థం ఉండేది ఇలాంటి చోటే. మూడో అభ్యర్థిని అభిమానించేవాళ్ళు తమ ఓటుని మొదటి ఇద్దరిలో ఒకరికి మళ్ళిస్తే ఫలితం తారుమారు కావచ్చు, ఆ ఇద్దరెవరో ముందే తెలుసు కూడా.

గాజువాక, 2019: వైఎస్సార్‌సీపీ అభ్యర్థికి 75,292, జనసేన అభ్యర్థి పవన్ కల్యాణ్‌కి 58,539, తెలుగుదేశం అభ్యర్థికి 56,642. మూడుని రెండుతో భాగిస్తే దాదాపు ఒకటి. గెలిచిన పార్టీ వద్దనుకున్నవాళ్ళు ఎవరి వెనక చేరాలి? రెండో స్థానానికీ మూడో స్థానానికీ తేడా రెండు వేలు కూడా లేదు. పోలింగుకి ముందు ఆ క్రమం ఏ ఇంట్లోనూ ఎవరికీ తెలిసే వీలు లేదు. ఇలాంటి చోట ఎత్తుగడ ఓటంటే కళ్ళు మూసుకుని రాయి విసరడమే. నమ్మకం ఓటు వేసుకోండి.

విశాఖ లోక్‌సభ, 2019: మొదటి స్థానం 4,36,906, రెండోది 4,32,492, మూడోది 2,88,874. తేడా 4,414. మూడో స్థానం రెండో స్థానంలో మూడింట రెండు వంతులు. ఇది మధ్య రకం. "ఆ రెండు లక్షల ఎనభై ఎనిమిది వేల ఓట్లు చీలబట్టే కదా" అని ఇప్పటికీ అంటుంటారు. ఆ మాటలో ఒక దాపరికం ఉంది. మూడో అభ్యర్థి లేకపోతే ఆ ఓట్లన్నీ మూకుమ్మడిగా ఒకే వైపు వెళ్ళేవని ఎవరు చెప్పగలరు? కొన్ని ఇటు, కొన్ని అటు, కొన్ని అసలు బూత్‌కే రాకపోవచ్చు. ఓట్లు చీలాయన్న మాట విన్నప్పుడల్లా, మీకు తెలిసిన ఆ పార్టీ వాళ్ళు పదిమందిని "మీవాడు నిలబడకపోతే ఎవరికి వేసేవారు" అని అడిగి చూడండి.

4. ఈసారి పొత్తులతో ఆ అంకెలు సరిచేయండి

ఈ మెట్టు ఎగరగొట్టి మోసపోయేవాళ్ళే ఎక్కువ. అదే గాజువాకలో 2024లో తెలుగుదేశం అభ్యర్థి 95,235 ఓట్ల మెజారిటీతో గెలిచారు. అదే లోక్‌సభ సీటులో మెజారిటీ 5,04,247. మధ్యలో ఐదేళ్ళ పాలన ఉంది, దాంతోపాటు 2019లో విడివిడిగా నిలబడ్డ మూడు పార్టీలు (తెలుగుదేశం, జనసేన, బీజేపీ) 2024లో కూటమిగా ఒక్కటయ్యాయి. 2019 అంకెలు పట్టుకుని 2024లో ఎత్తుగడ వేసినవాళ్ళ లెక్క పూర్తిగా తప్పింది.

ఇలా సరిచేయండి. పొత్తులో ఉన్న పార్టీల ఓట్లు కలిపి, అందులో కొంత తీసేయండి. పూర్తిగా బదిలీ అయ్యే పొత్తు ఉండదు. పొత్తు విడిపోతే పాత మొత్తాన్ని ఎలా పంచాలో తెలియదు కాబట్టి, పొత్తుకి ముందు జరిగిన ఎన్నిక అంకెలు తీయండి. అందుకే కిందటి రెండు ఎన్నికలూ దగ్గర పెట్టుకోమన్నాను. అభ్యర్థి పార్టీ మారి ఉంటే పార్టీ ఓట్లు, మనిషి ఓట్లు వేరుగా ఆలోచించండి.

సరిచేశాక కూడా మెజారిటీ పోలైన ఓట్లలో పది శాతం పైనే ఉండేలా కనిపిస్తే, మీ సీటులో ఎత్తుగడకి పని లేదు. 2014లో మంగళగిరి 12 ఓట్లతో, 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో తేలిన మాట నిజమే. అవి చూపించి ప్రతి సీటూ అలాగే తేలుతుందని భయపెట్టేవాళ్ళ మాట వినకండి.

5. ఆ ఇద్దరి మధ్య మీకు నిజంగా తేడా ఉందా?

మొదటి ఇద్దరి పేర్లూ రెండో మెట్టులో రాసుకున్న మూడు విషయాల పక్కన పెట్టండి. వాళ్ళు వేదిక మీద ఏమన్నారో కొలత కాదు. స్టీల్ ప్లాంటు అమ్మేయమని ఆ ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెం జంక్షన్లో నిలబడి అడిగే నాయకుడు ఉండడు. చేసిన పని చూడండి. ఎంపీగా ఉన్నవాళ్ళు పార్లమెంటులో ఏ ప్రశ్నలు వేశారో లోక్‌సభ వెబ్‌సైట్లో సభ్యుడి పేరుతో వెతికితే వస్తాయి. కొత్తవాళ్ళయితే వాళ్ళ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు ఏం చేసిందో చూడండి.

మూడు విషయాల్లో రెండింటిలో ఇద్దరూ ఒకేలా కనిపిస్తే ఎత్తుగడ ఓటు వల్ల మీకు వచ్చేదేం లేదు. ఎవరు గెలిచినా మీకొకటే అయిన చోట నచ్చినవాళ్ళని వదులుకోవడం ఎందుకు?

6. తేల్చండి

సీటు ఏకపక్షం: నమ్మకం ఓటు. ముక్కోణం: నమ్మకం ఓటు. మీకు నచ్చిన అభ్యర్థి ఆ ముగ్గురిలోనే ఉంటే మరీ గట్టిగా. ఇద్దరి మధ్య హోరాహోరీ, కానీ మీకు ఇద్దరూ ఒకటే: నమ్మకం ఓటు. ఇద్దరి మధ్య హోరాహోరీగా ఉండి, ఆ ఇద్దరి మధ్య తేడా మీ జీవితంలో కనిపించేదై, మెరుగైన ఆ ఒకరు మీ గీతకి కింద లేకపోతే: ఎత్తుగడ ఓటు. ఆ ఒక్క పరిస్థితిలో అలా వేసినందుకు సిగ్గుపడొద్దు. నష్టం తగ్గించడం కూడా ఓటరు బాధ్యతే.

జాబితాలో నమ్మకం ఓటు ఎక్కువసార్లు వచ్చిందని గమనించి ఉంటారు. నా అభిప్రాయం కూడా అదే. ఎత్తుగడ అవసరమయ్యే సీట్లు మనకి చెప్పినంత ఎక్కువ ఉండవు. "మీ ఓటు మురిగిపోతుంది" అన్న మాట ఎక్కువగా ఆ ఓటు కావలసినవాళ్ళ నోటి నుంచే వస్తుంది.

చిన్న పార్టీకి వేసిన ఓటు లెక్కలోంచి మాయమైపోదు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే అభ్యర్థికి డిపాజిట్ దక్కుతుంది: ఎంపీకి 25,000, ఎమ్మెల్యేకి 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి అందులో సగం. రాష్ట్రమంతటా వచ్చిన ఓట్ల శాతం పార్టీ గుర్తింపుకీ లెక్కకొస్తుంది. పొత్తు బేరాల్లోనూ ఆ అంకెలే మాట్లాడతాయి. 2019లో ఒక్క సీటు గెలిచిన జనసేన 2024లో పొత్తులో 21 సీట్లు తీసుకుని 21 గెలిచింది. రెండో వైపూ చూడండి: 2009లో 18 సీట్లు గెలిచిన ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. నమ్మకం ఓటు వేసేటప్పుడు ఆ పార్టీ రేపు ఎవరితో నడుస్తుందో కూడా అడగండి.

ప్రత్యామ్నాయం ఒకటి ఉంది. ఎంపీ పోటీ హోరాహోరీగా ఉండి ఎమ్మెల్యే పోటీ ఏకపక్షంగా ఉంటే, ఒక ఓటు ఎత్తుగడగా, రెండోది నమ్మకంగా వేయండి. చాలామందికి ఇదే సరిపోతుంది.

కార్పొరేషన్, పట్టభద్రుల ఎన్నికలకి లెక్క వేరు

వార్డులో వంద ఓట్లు కూడా పెద్ద మాటే. 2021 జీవీఎంసీ ఎన్నికల్లో 98 వార్డుల్లో వైఎస్సార్‌సీపీ 58, తెలుగుదేశం 30 గెలిచినా, సీపీఐ, సీపీఎం, బీజేపీ తలో వార్డూ గెలిచాయి, స్వతంత్రులూ గెలిచారు. అసెంబ్లీలో గెలవని పార్టీ మనిషి మీ వార్డులో గెలవగలడు. పైగా మేయర్ని ఎన్నుకునేది కార్పొరేటర్లు. వాళ్ళు పార్టీలు మారడంతో 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం నెగ్గి మేయర్ మారారు. "ఫలానా పార్టీ మేయర్ రాకూడదు" అని వార్డులో ఎత్తుగడ వేస్తే అది ఐదేళ్ళు నిలబడుతుందన్న భరోసా లేదు. వార్డులో మనిషిని చూసి వేయండి.

ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో అసలు ఈ చిక్కే దాదాపు లేదు. అక్కడ 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. నచ్చినవాళ్ళకి 1 వేసి, గెలిచే అవకాశం ఉన్నవాళ్ళలో మెరుగైనవాళ్ళకి 2 వేయండి. తక్కువ ఓట్లు వచ్చి మొదటివారు లెక్కింపులో తొలగిపోతే మీ కాగితం రెండోవారికి వెళ్తుంది. 2023లో ఫలితం రెండో ప్రాధాన్య ఓట్లతోనే తేలింది. జాగ్రత్తలు రెండు: 1 తప్పనిసరిగా ఉండాలి, అదీ ఒక్కరికే ఉండాలి. బూత్‌లో ఇచ్చిన పెన్నుతోనే అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సొంత పెన్ను వాడినా చెల్లని ఓటు అయిపోతుంది. చదువుకున్నవాళ్ళ ఎన్నికలో ఇన్ని చెల్లని ఓట్లు పడటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

7. తరచూ జరిగే పొరపాట్లు

*రాష్ట్రం గాలి చూసి సీటు నిర్ణయించడం.* "ఈసారి ఫలానావాళ్ళే వస్తున్నారట" అన్నది మీ సీటు గురించిన మాట కాదు. 2019 గాలిలోనే విశాఖ నగరం నాలుగు సీట్లు ఇంకో వైపు వేసింది.

*వాట్సాప్ సర్వేలు నమ్మడం.* ఎవరు చేశారో, ఎంతమందిని అడిగారో, మీ నియోజకవర్గంలో ఎంతమందిని అడిగారో లేని సర్వే పక్కన పెట్టేయండి. పోలింగు ముగిసే ముందు 48 గంటల్లో సర్వే ఫలితాలు ప్రసారం చేయడం నిషేధం. చివరి రాత్రి వచ్చిందంటేనే అనుమానించండి.

*నోటాని ఎత్తుగడ అనుకోవడం.* 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది. దానికి అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికల్లో తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థే గెలుస్తారు. డిపాజిట్ లెక్కలోనూ దాన్ని కలపరు. అభ్యర్థులందరూ మీ గీత కింద ఉంటే నొక్కండి. ఒకరిని ఆపడానికి మాత్రం అది పనికిరాదు.

*డబ్బు తీసుకున్నాం కాబట్టి వేయాలనుకోవడం.* ఇచ్చినా తీసుకున్నా నేరమే. ఎవరైనా పంచుతుంటే ఎన్నికల సంఘం సీ-విజిల్‌లో ఫిర్యాదు చేయండి. మీరు ఎవరికి నొక్కారో ఎవరికీ తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట కూర్చోబెట్టి చెప్పండి, చాలామంది ఇంకా భయపడుతున్నారు.

*ఇంటిల్లిపాదీ ఒకే ఓటు అనుకోవడం.* ఈ లెక్క మీరు చేసి మీ అమ్మగారి చేతిలో, మీ భార్య చేతిలో పెట్టకండి. రెండో మెట్టు ఎవరిది వాళ్ళే రాసుకోవాలి.

8. నిర్ణయం సరిగ్గా ఉందో లేదో పరీక్షించుకోండి

ఒక రాత్రి ఆగి, మర్నాడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను వేసిన అభ్యర్థి ఓడిపోతే, "అయినా మళ్ళీ అలాగే వేసేవాడిని" అనగలనా? నేను ఎత్తుగడ వేసిన అభ్యర్థి గెలిచి, మూడు విషయాల్లో ఒక్కటీ చేయకపోతే, వేసిన కారణం అప్పటికీ నిలబడుతుందా? ఈ కారణాన్ని రెండు వాక్యాల్లో పక్కింటివాళ్ళకి చెప్పగలనా? మొదటి రెండింటిలో ఏదైనా 'లేదు' అయితే ఐదో మెట్టుకి వెనక్కి వెళ్ళండి. మూడోది 'లేదు' అయితే మీరు నిర్ణయించలేదు, ఎవరో చెప్పింది మోస్తున్నారు.

9. బూత్‌లో

ఫోన్ ఇంట్లో వదిలి వెళ్ళండి. ఎంపీకి, ఎమ్మెల్యేకి వేర్వేరు యంత్రాలుంటాయి. యంత్రం మీద కాగితం ఎంపీకి తెలుపు, ఎమ్మెల్యేకి గులాబీ రంగు. పొత్తు ఉన్నప్పుడు మీ పార్టీ గుర్తు యంత్రం మీద లేకపోవచ్చు. 2024లో విశాఖ ఉత్తరంలో కూటమికి వేయాలంటే ఎంపీకి సైకిల్, ఎమ్మెల్యేకి కమలం నొక్కాలి. దక్షిణంలో ఎంపీకి సైకిల్, ఎమ్మెల్యేకి గాజు గ్లాసు. గుర్తుతో పాటు పేరు, ఫొటో చూసి నొక్కండి. పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో స్లిప్ ఏడు సెకన్లు కనిపిస్తుంది, చూసే కదలండి. స్లిప్ తప్పు వచ్చిందనిపిస్తే అక్కడే ప్రిసైడింగ్ అధికారికి చెప్పండి. రాతపూర్వకంగా ఇస్తే పరీక్ష ఓటు వేయిస్తారు. ఆ ఆరోపణ అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది కాబట్టి కళ్ళారా చూసిందే చెప్పండి. మీ ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే తిరిగి వచ్చేయకండి, టెండర్డ్ ఓటు అడగండి.

10. ఫలితాల తర్వాత

మీరు అనుకున్న మొదటి ఇద్దరూ, వచ్చిన మొదటి ఇద్దరూ ఒకరేనా? మీరు వేసుకున్న మెజారిటీకీ వచ్చినదానికీ ఎంత దూరం? ఫారం 20 పెట్టాక మీ బూత్ వరుస తీసి చూడండి. మీ వీధి ఎటు వేసిందో, మీరు నమ్మకంతో వేసిన అభ్యర్థికి అక్కడ ఇంకా ఎంతమంది వేశారో కనిపిస్తుంది. ఆ అంకె పది ఉన్నా, రెండు వందలున్నా కాగితం మీద రాసి ఉంచండి. వార్డు ఎన్నిక వచ్చినప్పుడు మొదట తీయాల్సింది దాన్నే.